నాలుగు డిస్కుల్లో ముందు జారుకున్నది ఏది?

ప్రశ్న: ఇంట్లో కంప్యూటర్‌లో నాలుగు 4 టీబీ డిస్కులను కలిపి ఒకటిగా వాడేలా, ఒకటి చెడినా డేటా నిలిచేలా లైనక్స్ మీద రెయిడ్ 5 పెట్టుకున్నాను. మొన్న ఆదివారం క్యాబినెట్ విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ బిగించాను. గంటసేపు బాగానే నడిచింది. తర్వాత వీడియో చూస్తుంటే మధ్యలో ఆగిపోయింది. ఏ ఫోల్డర్ తెరిచినా ‘ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్’ అంది. రీబూట్ చేస్తే రెయిడ్ అసలు లేవలేదు. రెయిడ్ స్థితి చూపే ఎండీస్టాట్‌లో ‘ఇనాక్టివ్’ అని, నాలుగు డిస్కుల పక్కనా బ్రాకెట్లో ఎస్ అని వస్తోంది. పిల్లల ఫొటోలు, పోయిన మా నాన్నగారి మాటల రికార్డింగులు అన్నీ అందులోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు. మొత్తం 2.6 టీబీ దాకా ఉంటుంది. ఒక స్నేహితుడు ‘క్రియేట్ కమాండ్ మళ్లీ ఇచ్చెయ్, అదే లేస్తుంది’ అంటున్నాడు. ఇవ్వమంటారా? ఎగ్జామిన్ రిపోర్టు, డిస్కుల ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు పంపుతున్నాను. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

సమాధానం: ఇవ్వకండి. ముందు ఆ ఒక్క మాట చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీ స్నేహితుడిది చెడ్డ ఉద్దేశం కాదు. ఆయనకు అది ఎప్పుడో ఒకసారి పనిచేసి కూడా ఉంటుంది. కానీ మీరు పంపిన రిపోర్టులు చూశాక నాకు అర్థమైనదేమిటంటే, మీ డేటా ఇప్పటికి క్షేమంగానే ఉంది. పోగొట్టే అవకాశం ఇకమీద మీ చేతి వేళ్లకే ఎక్కువ. కాబట్టి టెర్మినల్ మూసేసి ముందు ఇది చదవండి.

ఆ బ్రాకెట్లో ఎస్ చూసి కంగారు పడ్డారు కదా. ఎస్ అంటే స్పేర్, అదనంగా పక్కన ఉంచిన డిస్కు. రెయిడ్ లేవనప్పుడు ఎండీస్టాట్ ప్రతి డిస్కునూ అలాగే చూపిస్తుంది. నాలుగూ స్పేర్లుగా మారిపోయాయని దానర్థం కాదు, ‘వీటిని ఏం చేయాలో నేనింకా తేల్చుకోలేదు’ అని మాత్రమే. దాన్ని వదిలేయండి.

అసలు విషయం ఎగ్జామిన్ రిపోర్టులో ఉంది. లైనక్స్‌లో రెయిడ్‌ను నడిపే ఎండీఆడ్మ్ కమాండ్‌ను ఎగ్జామిన్ ఆప్షన్‌తో నడిపితే ప్రతి డిస్కూ తన సూపర్‌బ్లాక్‌లో, అంటే రెయిడ్ వివరాలు దాచుకునే చోట, రాసుకున్నది చదివి వినిపిస్తుంది. అందులో మూడు లైన్లు చాలు: ‘ఈవెంట్స్’, ‘అప్‌డేట్ టైమ్’, ‘అర్రే స్టేట్’. మీ నాలుగు డిస్కులవీ పక్కపక్కన పెట్టి చూశాను.

లైనక్స్ మీ డిస్కులకు పెట్టిన పేర్లు ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ. మొదటి రెండింట్లోనూ ఈవెంట్స్ 48211. ఎస్‌డీడీలో 48207. ఎస్‌డీఈలో 31950.

రెయిడ్‌లో స్థితి మారినప్పుడల్లా ఈ అంకె పెరుగుతూ పోతుంది, పనిచేస్తున్న డిస్కులన్నీ దాన్ని కలిసి రాసుకుంటాయి. బయటికి పోయిన డిస్కు దగ్గర అంకె ఆగిపోతుంది. ఎస్‌డీడీకి నాలుగే తేడా, అంటే మొన్న ఆదివారం పోయినది అదే. ఎస్‌డీఈకి పదహారు వేలకు పైగా తేడా. దాని అప్‌డేట్ టైమ్ చూడండి, మూడు వారాల కిందటి తేదీ ఉంది!

అర్రే స్టేట్ లైను ఇంకా ముచ్చటగా ఉంటుంది. బతికున్న డిస్కుకు ఏ, పోయినదానికి చుక్క. ఎస్‌డీఈ దగ్గర ‘ఏఏఏఏ’ అని ఉంది, అంటే దాని లెక్కలో ఈ రోజుకీ నలుగురూ బాగున్నారు. ఎస్‌డీడీ దగ్గర ‘ఏఏఏ.’ అని ఉంది, ఎస్‌డీఈ పోయిన సంగతి దానికి తెలుసు, తాను పోయిన సంగతి తెలియదు. చివరిదాకా ఉన్న బీ, సీల దగ్గర ‘ఏఏ..’ అని ఉంది. పెళ్లి మధ్యలో లేచి వెళ్లిపోయినవాడిని అప్పగింతల గురించి అడిగితే ఏం చెబుతాడు? అలాగే ఇదీ. ఎవరికి ఎంతవరకు తెలుసో చూస్తే ఎవరు ఎప్పుడు లేచారో తేలిపోతుంది.

అంటే జరిగింది ఇదీ. మూడు వారాల కిందట ఎస్‌డీఈ బయటికి పోయింది. రెయిడ్ 5లో ప్రతి వరుసలో మూడు ముక్కలు డేటా, ఒక ముక్క ప్యారిటీ, అంటే ఆ మూడింటి నుంచి కట్టిన లెక్క. ఏ ఒక్క ముక్క పోయినా మిగతా మూడింటితో లెక్కకట్టి తెచ్చుకోవచ్చు. అందుకే మీకు ఏ తేడా తెలియలేదు. ఫొటోలు తెరుచుకున్నాయి, వీడియోలు నడిచాయి. మూడు వారాలు మూడు కాళ్ల మీద నడిచిన కుర్చీ అది. ఆదివారం మీరు దుమ్ము దులిపాక రెండో కాలూ కదిలింది, కుర్చీ కూలబడింది. మీరు ఆదివారాన్ని నిందిస్తున్నారు గానీ అసలు కథ మొదలైంది ఎప్పుడో.

ఇప్పుడు స్మార్ట్ రిపోర్టు. దాంట్లో ఇరవై ముప్పై లైన్లు ఉంటాయి, నేను నాలుగే చూస్తాను: 5, 197, 198, 199 నంబర్లవి. మొదటి మూడూ డిస్కు పళ్లెం ఆరోగ్యానికి సంబంధించినవి. 5 అంటే చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్లు (డిస్కు మీది చిన్న చిన్న గళ్లు), 197 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి, 198 అంటే డిస్కు తనంతట తాను పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయినవి. 199 వేరే జాతి. డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో డేటా పాడైన ప్రతిసారీ అది పెరుగుతుంది. దారి అంటే కేబులే.

మీ ఎస్‌డీడీలో మొదటి మూడూ సున్నా. 199 మాత్రం 212. డిస్కుకు ఏ జబ్బూ లేదు, కేబుల్ వదులైంది. దుమ్ము దులుపుతున్నప్పుడు మోచేయి తగిలి ఉంటుంది. సాటా డేటా కేబుల్ అసలే ఏడు పిన్నుల పలచటి వ్యవహారం, క్లిప్ లేని రకమైతే చిన్న తోపుకే సగం ఊడి వస్తుంది, పైకి మాత్రం బిగుసుకున్నట్టే కనిపిస్తుంది.

ఎస్‌డీఈ సంగతి తిరగబడింది. దానికి 199 సున్నా, 197 మాత్రం 48, 5వ నంబరు 16. ఇది నిజంగానే జబ్బు డిస్కు. బీ, సీ రెండూ శుభ్రంగా ఉన్నాయి.

ఇప్పుడు క్రియేట్ ఎందుకు వద్దన్నానో చెబుతాను. క్రియేట్ అనేది ఉన్న రెయిడ్‌ను లేపే కమాండ్ కాదు, కొత్తది పుట్టించే కమాండ్. ముందుగా మనం ఇప్పటిదాకా చదువుకున్న ఆ సూపర్‌బ్లాకుల్ని చెరిపి కొత్తవి రాస్తుంది. ఎవరు ముందు వెళ్లారో చెప్పే సాక్ష్యం అక్కడితో పోతుంది. డిస్కుల వరుస ఒకటి అటూ ఇటూ అయినా, చంక్ సైజు, అంటే ఒక్కో డిస్కు మీద ఒకేసారి రాసే ముక్క సైజు, తేడా వచ్చినా డేటా కలగాపులగమే. ఆ డిఫాల్ట్‌లు ఒకప్పుడున్నట్టు ఇప్పుడు లేవు కూడా. ఎండీఆడ్మ్ పాత వెర్షన్లలో చంక్ 64 కేబీ, తర్వాత 512 కేబీ చేశారు. వీటన్నిటికంటే ప్రమాదం ఇంకొకటి. రెయిడ్ 5ను నాలుగు డిస్కులతో క్రియేట్ చేస్తే అది మామూలుగా ఆఖరి డిస్కును ఖాళీదిగా భావించి, మిగతా మూడింటి నుంచి లెక్కకట్టి దాని మీద రాయడం మొదలుపెడుతుంది. ఆ మూడింట్లో మూడు వారాల పాత ఎస్‌డీఈ కూడా ఉందనుకోండి. పాత లెక్కలతో మంచి డిస్కును తుడిచేసినట్టవుతుంది. దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు.

మరి ఏం చేయాలి? తొందర లేదు, వరుసగా చెబుతాను.

ముందు ఆ నాలుగు ఎగ్జామిన్ రిపోర్టులూ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తర్వాత ప్రతి డిస్కు సీరియల్ నంబరు నోట్ చేసుకుని, కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, డిస్కు మీద చిన్న కాగితం అంటించి మార్కర్‌తో రాయండి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లను నమ్మవద్దు. అవి బూట్ అయినప్పుడు కనబడిన వరుసలో పెట్టే పేర్లు, కేబుల్ ఒకటి మారిస్తే పేర్లు కూడా మారతాయి. నేను ఒకసారి చెడిపోయిన ఎస్‌డీసీ అనుకుని నిక్షేపంగా ఉన్న డిస్కును పీకేశాను, అదీ రెయిడ్ అప్పటికే ఒక డిస్కు తక్కువగా నడుస్తుండగా. ఆ సాయంత్రం నేను ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పటి నుంచి సీరియల్ నంబరు చూడకుండా స్క్రూడ్రైవర్ పట్టను.

పెట్టె తెరిచే ఉంది కాబట్టి ఎస్‌డీఈకి రెండు కేబుళ్లూ తీసేయండి. దాన్ని బయటపెట్టండి, పారేయకండి. ఎస్‌డీడీకి కొత్త డేటా కేబుల్ వేయండి, క్లిప్ ఉన్నది చూసి. పవర్ కేబుల్ కూడా గట్టిగా నొక్కి చూడండి. ఒకే స్ప్లిటర్ మీద నాలుగు డిస్కులు వేలాడుతుంటే వాటిని రెండు దారుల మీదికి పంచండి. తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక్కో పెద్ద డిస్కు 12 వోల్టుల లైను మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది.

199 నంబరు విషయంలో ఒక మాట. కేబుల్ మార్చాక కూడా అది 212 దగ్గరే ఉంటుంది. అది ఎప్పటికీ తగ్గదు, కంగారు పడకండి. 212గానే ఉండిపోతే జబ్బు కుదిరినట్టు. 213 అయితే కేబుల్ కాదు, మదర్‌బోర్డు మీద ఆ సాకెట్టు అనుమానించాలి, వేరే సాకెట్టుకు మార్చాలి.

ఇప్పుడు 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి తెచ్చుకోండి. ఇది లేకుండా తర్వాతి మెట్టు ఎక్కకండి. మీ డేటా 2.6 టీబీయే కాబట్టి ఒక్కటి సరిపోతుంది.

ఆపైన బూట్ చేసి, సగం లేచి కూర్చున్న పాత రెయిడ్‌ను ముందు ‘స్టాప్’ చేయండి. చాలామంది ఈ మెట్టు మరిచిపోయి, ‘డివైస్ బిజీ’ అని వస్తే ఇంకో సమస్య అనుకుని భయపడతారు. సాధారణంగా దాని పేరు ఎండీ127 అని ఉంటుంది. తర్వాత ‘అసెంబుల్’ను ‘ఫోర్స్’తో కలిపి, మూడే మూడు డిస్కుల పేర్లు ఇవ్వండి: పాత లెక్కలో బీ, సీ, డీ. పేర్లు మారి ఉండవచ్చు, సీరియల్ నంబర్లతో సరిచూసుకుని ఇవ్వండి.

ఫోర్స్ అనే మాట వినడానికి మొరటుగా ఉంటుంది గానీ ఇక్కడ అది చేసేది చిన్న పని. నాలుగు ఈవెంట్లు వెనకబడిన ఎస్‌డీడీని ‘పర్వాలేదు, నువ్వూ రా’ అని లెక్క సరిచేసి లోపలికి తీసుకుంటుంది. డేటా జోలికి పోదు, సూపర్‌బ్లాక్‌ను మాత్రం దిద్దుతుంది. రెండు డిస్కులు పోగానే రెయిడ్ రాయడం మానేసింది కాబట్టి ఆ నాలుగు ఈవెంట్ల మధ్య పోయినది ఏదైనా ఉంటే ఆ క్షణంలో సగం రాస్తున్నదే. మీరు అప్పుడు వీడియో చూస్తున్నారు, రాయడం లేదు. నయం.

ఆ చిన్న దిద్దుబాటు కూడా అసలు డిస్కుల మీద వద్దనుకుంటే ఓవర్‌లే పద్ధతి ఉంది. డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్‌తో ప్రతి డిస్కు ముందూ ఒక తెర కడతాం. రాయాల్సినదంతా ఆ తెర మీద, అంటే వేరే ఫైల్లో పడుతుంది, డిస్కు మీద గీత కూడా పడదు. స్మార్ట్‌లో చెడ్డ సెక్టార్లున్న డిస్కును రెయిడ్‌లోకి లాగాల్సి వస్తే మాత్రం ఇవేవీ చాలవు, ముందు దాన్ని, చెడ్డ డిస్కు నుంచి వీలైనంత చదివి తీసే జీఎన్‌యూ డీడీరెస్క్యూతో వేరే డిస్కు మీదికి కాపీ తీసి, ఆ కాపీతోనే పని చేయాలి. మీ మూడు డిస్కులూ శుభ్రంగా ఉన్నాయి కాబట్టి మీకు నేరుగా చేయమనే చెబుతున్నాను. నా డిస్కులే అయినా అదే చేస్తాను.

రెయిడ్ లేచాక ఎండీస్టాట్‌లో మూడు యూలు (నడుస్తున్న డిస్కులు), ఒక గీత (లేని డిస్కు) కనిపించాలి. అప్పుడు మౌంట్ చేయండి, అంటే ఫైళ్లు కనబడేలా తెరవండి, కానీ ‘రీడ్ ఓన్లీ’గా. ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4 అయితే ‘నోలోడ్’ అనే ఆప్షన్ కూడా జోడించండి. ఉత్త రీడ్ ఓన్లీ అన్నా ఎక్స్‌టీ4 తన జర్నల్‌లో (రాయబోయేది ముందుగా నోట్ చేసుకునే చోట) మిగిలినదాన్ని డిస్కు మీద రాసేస్తుంది. నోలోడ్ అంటే అది కూడా మానుకుంటుంది. ఫైల్ సిస్టమ్ రిపేరు కమాండు జోలికి ఇప్పుడే పోకండి. కాపీ చేతికి వచ్చాక ఎన్ని రిపేర్లయినా చేసుకోవచ్చు.

ముందుగా నాన్నగారి రికార్డింగులు కాపీ చేయండి. తర్వాత పిల్లల ఫొటోలు, తర్వాత వీడియోలు. మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోగలిగే సినిమాలు అన్నిటికంటే ఆఖర్న. మొత్తాన్ని ఒకేసారి లాగేసి, కాపీ అవుతున్న వరుసను దేవుడికి వదిలేయకండి. ఒక డిస్కు తక్కువగా ఉంది కాబట్టి పోయిన ముక్కను ప్రతిసారీ లెక్కకట్టాలి, వేగం కొంచెం తగ్గుతుంది. సెకనుకు 100 ఎంబీ చొప్పున వేసుకున్నా 2.6 టీబీకి ఏడు గంటల పైనే. రాత్రి పెట్టి పడుకోండి. పొద్దున లేచి, కాపీ అయిన ఫొటోలు అక్కడొకటి ఇక్కడొకటి నిజంగా తెరిచి చూడండి. పేరు, సైజు కనబడటం చాలదు.

ఇది అయ్యాకే ఎస్‌డీఈ స్థానంలో కొత్త డిస్కు. కొనేటప్పుడు సైజు పాతవాటికంటే ఒక్క సెక్టారు కూడా తక్కువ కాకూడదు. అది ఎస్‌ఎంఆర్ రకమా, సీఎంఆర్ రకమా అని తప్పక అడగండి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పరుచుకుని ఉంటాయి, ఒకటి మార్చాలంటే పక్కవాటిని కూడా తిరగరాయాలి. మామూలు వాడకంలో తెలియదు గానీ రీబిల్డ్ (కొత్త డిస్కును లెక్కకట్టి నింపడం) లాంటి ఎడతెగని రాతకు మొరాయిస్తాయి. ట్రాకులు అలా ఒకదాని మీద ఒకటి పడని సీఎంఆర్ డిస్కు సగటున 150 ఎంబీ వేగంతో 4 టీబీని ఏడున్నర గంటల్లో నింపేస్తే, ఎస్‌ఎంఆర్‌కు రోజులు పట్టవచ్చు, మధ్యలో టైమవుట్ అయి రెయిడ్ దాన్ని బయటికి నెట్టేసినా నెట్టేయవచ్చు.

టైమవుట్ అన్నాను కాబట్టి, ఎస్‌డీఈ మూడు వారాల కిందట ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. 48 అనుమానపు సెక్టార్లు నిజానికి రెయిడ్‌కు పెద్ద లెక్క కాదు. డిస్కు ‘ఈ సెక్టారు చదవలేను’ అని చెబితే చాలు, రెయిడ్ మిగతా మూడింటి నుంచి ఆ ముక్కను లెక్కకట్టి, తిరిగి అక్కడే రాయిస్తుంది. చిక్కు ఎక్కడంటే డెస్క్‌టాప్ డిస్కు ఆ మాట త్వరగా చెప్పదు. ఒక్కోసారి రెండు నిమిషాల దాకా పట్టుదలగా మళ్లీ మళ్లీ చదవబోతుంది. లైనక్స్ కెర్నెల్ ఓపిక 30 సెకన్లే. ఆలోపు పలకకపోతే లింకును రీసెట్ చేస్తుంది, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే డిస్కు పోయిందని తేల్చేస్తుంది. చిన్న గాయానికి మనిషినే వెలివేసినట్టు.

నాస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టె) కోసం చేసిన డిస్కులు ఏడు సెకన్లలో తేల్చి చెప్పేస్తాయి. మీవి ఆ రకం కావని మోడల్ నంబర్లు చూస్తే తెలుస్తోంది. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌లో, డిస్కు ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పే ‘ఎస్‌సీటీఈఆర్‌సీ’ విలువను చదవడానికి 70, రాయడానికి 70 అని పెట్టి చూడండి, పదో వంతు సెకన్లలో లెక్క కాబట్టి ఏడు సెకన్లు. డిస్కు ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోతే కెర్నెల్ ఓపికనే పెంచాలి, ఆ డిస్కు టైమవుట్‌ను 30 నుంచి 180కి మార్చండి. ఈ రెండూ కరెంటు పోయి వస్తే ఎగిరిపోతాయి, బూట్ అయినప్పుడల్లా నడిచేలా స్క్రిప్టులో పెట్టుకోండి. ఇళ్లలో విడిపోయే రెయిడ్‌లలో ఇదే కారణం ఎక్కువని నా అనుభవం, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మూడు వారాలు మీకు తెలియకపోవడం మాత్రం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. ఎండీఆడ్మ్ చెప్పే ఉంటుంది. డిస్కు పోయిన నిమిషంలోనే రూట్, అంటే కంప్యూటర్ నిర్వాహకుడి, పేరిట మెయిల్ రాసి ఉంటుంది. ఇంటి కంప్యూటర్‌లో మెయిల్ బయటికి పంపే ఏర్పాటు ఉండదు, ఆ ఉత్తరం ఎవరూ తెరవని పెట్టెలో పడి ఉంటుంది. కాన్ఫిగ్ ఫైల్లో మీ మెయిల్ అడ్రస్ ఇచ్చి, మెయిల్ పంపే చిన్న ప్రోగ్రామ్ పెట్టి, ‘మానిటర్’ ఆప్షన్‌ను ‘టెస్ట్’, ‘వన్‌షాట్’, ‘స్కాన్’లతో ఒకసారి నడపండి. ఫోన్‌కు టెస్ట్ మెసేజ్ వస్తేనే ఆ ఏర్పాటు ఉన్నట్టు. నెలకోసారి రెయిడ్ మొత్తాన్ని చదివి చూసే ‘చెక్’ కూడా నడుస్తోందో లేదో చూసుకోండి. డెబియన్ లైనక్స్‌లో మామూలుగా నెలలో మొదటి ఆదివారం దానంతటదే నడుస్తుంది, కానీ ఆ వేళకు కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి కదా.

ఇదే వారం ఇంకొకరు విండోస్‌లో, మదర్‌బోర్డు బయోస్ ద్వారా పెట్టుకున్న రెయిడ్ ఉన్నట్టుండి విడివిడి డిస్కులుగా కనబడుతోందని రాశారు. మదర్‌బోర్డు మీది గడియారం బ్యాటరీ, సీఆర్2032, అయిపోయి ఉంటుంది. బయోస్ సెట్టింగులు మొదటికి వచ్చి, సాటా మోడ్ రెయిడ్ నుంచి, డిస్కులను విడివిడిగా చూపే ఏహెచ్‌సీఐకి మారిపోతుంది. బ్యాటరీ మార్చి, మోడ్‌ను మళ్లీ రెయిడ్‌కు పెడితే చాలాసార్లు అలాగే లేచి కూర్చుంటుంది. ఈలోగా విండోస్ ‘డిస్కును ఇనిషియలైజ్ చేయమంటారా’ అని మర్యాదగా అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టండి, ఎన్నిసార్లు అడిగినా.

మళ్లీ మీ సంగతికి వస్తే, వేరే కాపీ లేదని రాశారు. రెయిడ్ ఉంది కాబట్టి అక్కర్లేదనుకుని ఉంటారు. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఈ ఆలోచన రాసినప్పుడు వాళ్ల ఉద్దేశం, చవక డిస్కుల గుంపుతో ఒక ఖరీదైన పెద్ద డిస్కు పని చేయించడం, అందులో ఒకటి చెడినా పని ఆగకుండా చూడటం. పొరపాటున డిలీట్ చేసిన ఫొటోను తెచ్చివ్వడం దాని పని కాదు. మీరు డిలీట్ కొడితే నాలుగు డిస్కులూ కలిసి శ్రద్ధగా డిలీట్ చేస్తాయి. ఇప్పుడు కొంటున్న ఆ ఎక్స్‌టర్నల్ డిస్కును పని అయ్యాక సినిమాలతో నింపకుండా అలాగే ఉంచుకోండి.

ఎస్‌డీఈని పారేయకండి అన్నాను కదా, ఎందుకో చెప్పలేదు. ఒకవేళ ఎస్‌డీడీ కాపీ మధ్యలో చచ్చిపోతే, బీ, సీలకు తోడుగా నిలబడగలిగేది అదొక్కటే. మూడు వారాలుగా తిరగరాయని చోట్ల దానిలో ఉన్నది ఇప్పటికీ సరైనదే. మీ నాన్నగారి రికార్డింగులు అంతకంటే ఎంతో ముందువి. అప్పుడు కూడా ముందు డీడీరెస్క్యూతో కాపీ, ఆ తర్వాతే అసెంబుల్. తడి తగలని కవర్లో పెట్టి, మీద సీరియల్ నంబరు, పోయిన తేదీ రాసి దాచండి. ఫోర్స్ ఇచ్చాక తెర మీద ఏమొచ్చిందో ఉన్నదున్నట్టు రాసి పంపండి, ఎర్రర్ వస్తే ఇంకేదీ నొక్కకుండా.